ఐదు గజాల పట్టుదల

పొద్దున ఆరు గంటలకే మంగ వంటింట్లో పెద్ద గిన్నె నిండా గంజి కుతకుత ఉడుకుతోంది. తాగడానికి కాదు, నూలుకు పట్టించడానికి. సూరత్ నగరమంతా పవర్‌లూమ్‌ల మీద పాలిస్టరు చీరలు టకటకా నేసి అవతల పడేస్తుంటే, ఇచ్ఛాపూర్‌లోని ఆ ఒక్క గల్లీలో మాత్రం పదకొండు మంది ఆడవాళ్లు మూడేళ్లుగా చేనేత మగ్గాల మీద నూలు చీరలు నేస్తున్నారు. వాళ్లను పోగేసింది మంగే. మొదట్లో ముసిముసిగా నవ్విన మగవాళ్లు, ముంబై దుకాణం వాళ్లు కారేసుకుని వచ్చి ఆర్డరిచ్చి వెళ్లాక నవ్వడం మానేశారు.

చేనేతకు మగ్గం ఒక్కటే ఉంటే చాలదు. పడుగు, అంటే చీర పొడవునా సాగే నిలువు పోగులు, అరవై గజాల మేర గుంజలకు బిగించి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. దానికి వంకర లేని పొడుగాటి నేల కావాలి. అది వాళ్లకుంది. నలభై రెండేళ్ల కిందట కరీంనగర్ వైపు నుంచి బతుకుతెరువుకు వచ్చిన ముప్పై కుటుంబాలు చందాలేసుకుని, పక్క పొలం గుజరాతీ ఆవిడ రేవాబేన్ భర్త దగ్గర కొన్న నేల అది. నూట ఇరవై గజాల పొడవు, పన్నెండు గజాల వెడల్పు. పడుగుల జాగా అంటారు. గల్లీలో పెళ్లయినా, బతుకమ్మయినా అక్కడే.

ఆ జాగా నిలుస్తుందా, నడిమికి రెండు ముక్కలవుతుందా అన్నది ఆ రోజు సాయంత్రం ఐదింటికల్లా తేలిపోవాలి. మంగకు కాళ్లు ఒకచోట నిలవడం లేదు. గంజి కలుపుతూనే వాకిట్లోకి రెండుసార్లు పోయివచ్చింది.

సంగతేమిటంటే, సముద్రం వైపు నుంచి ఒక కంపెనీ గ్యాస్ పైపులైను తెస్తోంది. మొదట గీసిన నక్షా ప్రకారం అది జాగాకు పడమటి చివర, రేవాబేన్ పొలం అంచు మీదుగా పోవాలి. అలా పోతే ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ చివరనున్న ఐదు గజాల ముక్క మాదంటే మాదని నేతవాళ్లూ, రేవాబేన్ ఇంటివాళ్లూ రెండేళ్లుగా కొట్లాడుకుంటున్నారు. కంపెనీ విసిగిపోయింది. తగాదా ఉన్న చోట పైపు వేయం, లేని చోటే వేస్తాం అని చెప్పేసింది. తగాదా లేని చోటంటే పడుగుల జాగాకు నట్టనడుమ. పైపు మీద గుంజ పాతకూడదు, అటూ ఇటూ కంచె వేస్తారు. ఇక అరవై గజాల పడుగు లాగేదెక్కడ? ఈ రోజు పదకొండింటికి రెవెన్యూ అధికారి జాగాలోనే ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి కొలత రిపోర్టు చదివిస్తాడు, ఐదింటిలోగా రాజీ కుదరకపోతే పైపు నడుమనే.

ఐదు గజాల కోసం నూట ఇరవై గజాలను పాడుచేసుకునే తెలివి ఎవరికుంటుందని మీరనవచ్చు. మంగ భర్త బిక్షపతికి ఉంది. అరవై ఒక్క ఏళ్ల మనిషి, పవర్‌లూమ్ కార్ఖానాలో మేస్త్రీ, గల్లీకి పెద్దమనిషి. జాగా కొన్ననాడు దాన్ని కొలిచింది ఆయన తండ్రి సోమలింగం. రెండో కొస పట్టుకున్నది పందొమ్మిదేళ్ల బిక్షపతి. పడమటి హద్దు గుంజ పాతింది ఆ తండ్రీకొడుకులే. ఆ గుంజ తప్పంటే తన తండ్రిని తప్పన్నట్టేనని ఆయన లెక్క. ఆ లెక్కకు గల్లీ అంతా తల ఊపింది.

వీళ్ల ఒక్కగానొక్క కూతురు హారతి. ఇరవై ఏడేళ్లు. సూరత్‌లోనే అడాజన్ పేటలో, భూములు కొలిచే ఆఫీసులో పని. మూడు కాళ్ల స్టాండు మీద మిషన్ పెట్టి, ఒక కన్ను మూసి, ఎంత దూరాన్నయినా అంగుళాలతో సహా చెప్పేస్తుంది. ఆ పొద్దున తలంటుకుని, కొత్త చుడీదార్ వేసుకుని, ఏదో పండుగకు తయారైనట్టు ఉంది. నాలుగు నెలలుగా కడుపులో దాచుకున్న మాట ఈ రోజు బయటపెట్టాలి. తండ్రి టీ తాగాక చెబుదామని చూస్తోంది.

ఆమె కంటే ముందు లింగం వచ్చాడు. పక్కింటివాడు, నోటికి తాళం లేనివాడు. గడప దాటకుండానే సెల్‌ఫోన్ తీసి బిక్షపతి ముందు పెట్టాడు. సర్కారు వాళ్ల కొలత రిపోర్టు ఎవరో పంపించారట. కింద సంతకం చూడమన్నాడు. చూపించాల్సింది చూపించి, టీ ఇస్తామన్నా ఆగకుండా వెళ్లిపోయాడు.

బిక్షపతి గ్లాసు కింద పెట్టాడు.

"హారతీ, గీ సంతకం నీదేనా?"

"నాదే బాపూ."

"మన జాగను నువ్వే కొలిచినవా? కంపెనీ దిక్కుకెల్లి?"

"కంపెనీ దిక్కు కాదు బాపూ. సర్కారోళ్లు మా ఆఫీసుకు పనిచ్చిండ్రు. ఇది మావాళ్ల జాగ అని నేను సార్లకు ముందే చెప్పిన. అందుకే నేనొకసారి, ఇంకో సార్ ఒకసారి ఏరేరుగ కొలిచినం. ఇద్దరికీ ఒకటే వచ్చింది."

"ఎంతొచ్చింది?"

హారతి తల్లి వైపు చూసింది. మంగ గరిటె ఆపింది.

"కాగితంల నూట ఇరవై గజాలు. మన గుంజ కాడికి కొలిస్తె నూట ఇరవై ఐదు."

బిక్షపతి మొహంలో రంగు మారింది. గట్టిగా అరుస్తాడనుకున్నారు గానీ, గొంతు ఇంకా తగ్గింది.

"అంటె మీ తాత దొంగనా?"

"గట్ల నేనన్లేదు బాపూ."

"నువ్వనకుంటె గల్లీ అంటది. రేవాబేన్ కొడుకులు అంటరు. కట్టుబట్టలతోనొచ్చి ఈ ఊళ్లె నిలబడ్డోడు మా నాయన. ఒగని సొమ్ము పోగంత ముట్టలేదు. గసొంటోని పేరు తీసి, నువ్వు పదిమందిల కూసొని చదువుతవా?"

ఆ ఐదు గజాలు ఒప్పుకుంటే పైపు పడమటి అంచుకు పోతుందనీ, రేవాబేన్ తన పొలంలో మరో పది గజాలు ఇవ్వడానికి సిద్ధంగా ఉందనీ, అమ్మ జాగా చెక్కుచెదరకుండా ఉంటుందనీ హారతి గబగబా చెప్పుకుపోయింది. నాలుగు నెలలుగా మనసులో వల్లె వేసుకున్న మాటలు. ఆయన సగం కూడా వినలేదు. చెప్పులు తొడుక్కున్నాడు.

"ఇయ్యాల నువ్వు గా మాట చదివినవంటె మల్ల ఈ ఇంటికి రావాల్సిన పని లేదు."

"ఇనుర్రి," అంది మంగ. "జాగ పోతె నా పదకొండు మందికి నేనేం జెప్పాలె?"

ఆయన గల్లీలోకి నడిచాడు. టీ గ్లాసులో సగం అలాగే ఉంది.

హారతి ఏడ్చింది. ఏడుపు కన్నా కోపం ఎక్కువ. మిషన్ అబద్ధం చెప్పదు, కాగితం అబద్ధం చెప్పదు, మరి తాత కూడా దొంగ కానప్పుడు ఈ ఐదు గజాలు ఎక్కడి నుంచి వచ్చాయని తల్లిని నిలదీసింది, ఆ తప్పు తల్లిదే అయినట్టు. మంగ గంజి దించుతూ, మీ తాత టేపు పెట్టి కొలవలేదే, పడుగుతో కొలిచాడు అంది. అరవై గజాల పడుగును ఒకదాని తర్వాత ఒకటిగా రెండుసార్లు పరిచారట. టేపు కన్నా నూలు మీద నమ్మకం ఆ రోజుల్లో.

ఆ మాట అంటూనే మంగ ఆగిపోయింది. రెండుసార్లు. ఐదు గజాలు. అంటే పడుగుకు రెండున్నర గజాలు.

వారం వారం ఆమె చేసే పనే అది. పొడి పడుగును గుంజకు కడుతుంది. గంజి పట్టించి దువ్వేసరికి నూలు సాగి వదులవుతుంది. గుంజను వెనక్కు జరిపి మళ్లీ బిగిస్తుంది. ఎంత జరుపుతుందో ఏనాడూ కొలవలేదు. ఓ మూడడుగులు, ఆరడుగులు, పదడుగులు కూడా ఉండొచ్చు.

"హారతీ, తడి పడుగే!" అంది. "గంజి పెట్టిన పడుగుతోని కొలిచిండ్రు. అది సాగింది."

హారతికి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమవగానే కన్నీళ్లతోనే తల్లిని వాటేసుకుని గిరగిరా తిప్పింది. ఇప్పుడే వెళ్లి బాపుకు చెబుతానని పరుగు తీయబోతే మంగ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్తె ఇనడు. నేను చెప్పినా ఇనడు. ఆయన చేతులకే తెల్వాలె."

పదకొండు గంటలకు పడుగుల జాగా తిరునాళ్లలా ఉంది. ఒక పక్క గల్లీ జనం, మరో పక్క రేవాబేన్ బంధువర్గం, మధ్యలో షామియానా కింద రెవెన్యూ అధికారి, తలకు పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న కంపెనీ మనిషి. నులక మంచం మీద డెబ్బై ఎనిమిదేళ్ల రేవాబేన్ కూర్చుని ఉంది. తెల్ల చీర, చేతిలో గుడ్డ సంచి. కొత్తగా వచ్చిన నేతవాళ్లకు ఇళ్లు నిలబడేదాకా తన బావి నీళ్లు తోడుకోనిచ్చిన మనిషి. రెండేళ్లుగా బిక్షపతి ఆమె ఎదురైతే పక్క సందులోంచి వెళుతున్నాడు.

లింగం, రేవాబేన్ పెద్దకొడుకూ అప్పటికే గుజరాతీలో ఒకరి మీదికి ఒకరు లేస్తున్నారు. అధికారి బల్ల మీద చరిచి అందరినీ కూర్చోబెట్టి, రిపోర్టు చదవమని హారతికి చెప్పాడు.

హారతి లేచి నిలబడింది. తండ్రి ముందు వరుసలో నేల చూపులు చూస్తున్నాడు. ఇప్పటికి కూడా ఆమె కూర్చుండిపోవచ్చు, ఇంకో సార్ చదువుతాడు. కానీ చదివింది. ముందు గుజరాతీలో, తర్వాత తెలుగులో. పడమటి గుంజ ఐదు గజాలు అవతలికి ఉంది అన్నప్పుడు ఆమె గొంతు గట్టిగానే ఉంది.

గల్లీ జనంలో గోల లేచింది. బిక్షపతి లేచాడు, గోల ఆగింది.

"మిషన్లు ఎట్ల దిప్పితె అట్ల తిరుగుతయి సాబ్. నూలు గట్ల కాదు. మా నాయన పడుగుతోని కొలిచిండు. నూలు కొలత తప్పదు."

"అయితె నూలుతోనే కొలుద్దాం," అంది మంగ.

జనం అటు తిరిగారు. పదకొండు మంది ఆడవాళ్లు అప్పటికే కొంగులు బిగించి వరుసగా నిలబడి ఉన్నారు. మంగ చంకలో కొత్త పడుగు చుట్ట. వెనక రెండు గంజి గిన్నెలు, కుంచెలు. కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు. అధికారికి మాత్రం ముచ్చటేసినట్టుంది, కానివ్వమన్నాడు. పొడి పడుగును పరిపించి, టేపు పెట్టి తానే చూశాడు. సరిగ్గా అరవై గజాలు.

తూర్పు గుంజ దగ్గర మంగ కొస పట్టుకుంది. రెండో కొస బిక్షపతికి ఇచ్చారు. ఇంకెవరికి ఇస్తారు? ఆయన లాగి బిగించిన చోట సున్నంతో గీత గీశారు. ఆ గీత దగ్గర నుంచి మళ్లీ పరిచారు. బిక్షపతి గుంజ వైపు నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. పడుగు అయిపోయింది. గుంజ ఇంకా ఐదు గజాల అవతల ఉంది.

రేవాబేన్ కొడుకులు చప్పట్లు కొట్టబోతే ఆమె కళ్లతోనే ఆపింది. బిక్షపతి చేతిలోని కొసను చూస్తూ నిలబడ్డాడు. ఆ నిమిషంలో ఆయన మొహం చూసిన హారతికి, గెలిచానన్న సంతోషం ఒక్క పిసరు కూడా కలగలేదు. పరిగెత్తి పోయి ఆయన పక్కన నిలబడాలనిపించింది.

"అయిపోలేదు," అని అరిచింది మంగ. "మల్ల తూర్పు గుంజ కాడికి రాండ్రి. గంజి పట్టియ్యాలె."

ఆడవాళ్లు పడుగుకు అటూ ఇటూ నిలబడి గంజి పట్టించారు. కుంచెలు ఒక్క ఊపున కదులుతుంటే, రెండో వైపు వాళ్ల ఆడవాళ్లు కూడా చూడ్డానికి దగ్గరికి వచ్చేశారు. ఒకామె ఊరుకోలేక గిన్నె అందుకుంది. గంజి నూలంతా పట్టాక మంగ భర్తతో, మామ ఆ రోజు ఎట్లా లాగాడో అట్లాగే లాగమంది.

బిక్షపతి కొస రెండు చేతులకూ చుట్టుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి వెనక్కు వాలాడు. నూలు కదిలింది. ఒక అడుగు వెనక్కు వేశాడు. నూలు ఇంకా వచ్చింది. సున్నం గీత ఆయన కాళ్ల కింద నుంచి ముందుకు పోయింది. జనం లేచి నిలబడ్డారు. ఇంకో అడుగు. ఇంకొకటి. రెండున్నర గజాల దగ్గర పడుగు బిర్రుగా నిలిచింది.

అక్కడ గీత గీసి, తడి పడుగును అందరూ ఎత్తి పట్టుకుని రెండోసారి పరిచారు. ఈసారి ఎవరూ కూర్చుని లేరు. అధికారి కూడా పడుగు వెంట నడుస్తున్నాడు. బిక్షపతి వాలాడు, లాగాడు, వెనక్కు అడుగులు వేశాడు. ఆయన వీపు పడమటి గుంజకు తగిలింది.

రెండు వైపులా జనం ఒక్కసారిగా హోరుమన్నారు. ఎవరు గెలిచారో ఎవరికీ తెలియదు, అయినా అందరూ కేకలు పెడుతున్నారు.

బిక్షపతి మాత్రం గుంజకు ఆనుకుని తన చేతులను చూసుకుంటున్నాడు. గంజి వేళ్ల సందుల్లోంచి మోచేతుల దాకా కారుతోంది. జాగా కొన్న ఆ రోజు కూడా ఇట్లాగే కారింది. పదకొండింటికి రిజిస్ట్రీ ఆఫీసులో ఉండాలి, మబ్బు పట్టి ఉంది, చేతికందినది అప్పుడే గంజి పెట్టిన పడుగు ఒక్కటే. తడిదైతేంది, నూలు నూలే కదా అన్నాడు నాయన. బేరం ఖాయమయ్యాక రేవాబేన్ భర్త చెయ్యి కలిపితే అరచేతులు రెండూ అతుక్కుపోయాయి. అందరూ పగలబడి నవ్వారు. అంత నవ్విన సంగతిని ఇన్నేళ్లు ఎట్లా మరిచిపోయాడు?

నాయన దొంగ కాదు. తొందరపడ్డాడు, అంతే. అది తెలియగానే గుండెల మీది బరువు దిగింది. వెంటనే ఇంకోటి ఎక్కింది. రెండేళ్లుగా ఆ ముసలమ్మను నలుగురిలో అబద్ధాలకోరు అన్నది తను.

ఆయన నేరుగా నులక మంచం దగ్గరికి నడిచాడు.

"బేన్," అన్నాడు గుజరాతీలో, "మా నాన్న దొంగ కాదు. కానీ ఆ భూమి మీదే."

"నీ తండ్రిని దొంగ అని నేనెప్పుడన్నాను?" అంది రేవాబేన్. "నువ్వే నన్ను అబద్ధాలకోరు అన్నావు."

బిక్షపతి తల వంచుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు టపటపా రాలాయి. తుడుచుకుందామంటే చేతులనిండా గంజి. రేవాబేన్ తన చీర కొంగుతో ఆయన మొహం తుడిచింది, తన కొడుకుల్లో ఒకడిని తుడిచినట్టు. నీ మాట కంటే నువ్వు సందులు మారి తిరగడమే ఎక్కువ బాధపెట్టిందిరా అంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. అధికారి ఒప్పంద పత్రం తీశాడు. ఐదు గజాలు రేవాబేన్‌వి, ఆమె ఇచ్చే పది గజాలతో కలిపి పైపు పడమటి అంచున పోతుంది, పడుగుల జాగాలోకి రాదు. కారణం రాసే చోట ఆయన ఆక్రమణ అని రాయబోయాడు. బిక్షపతి రాయమన్నట్టే తల ఊపాడు. రేవాబేన్ కలం ఆపింది. ఆ మాట ఉంటే తాను వేలిముద్ర వేయనంది. అధికారి నచ్చజెప్పబోతే బొటనవేలు కొంగులో దాచుకుంది. చివరికి ఆయన నవ్వి, కొలతలో పొరపాటు అని రాశాడు. రెండు దాటేసరికి ఇరుపక్షాల సంతకాలు అయిపోయాయి. కంపెనీ మనిషి కొత్త నక్షా మీద ఎర్ర గీత గీసి, ఫోన్ తీసుకుని అవతలికి వెళ్లాడు.

లింగం అందరికంటే ముందు మిఠాయి దుకాణానికి పరుగెత్తాడు, ఇదంతా తానే సర్దుబాటు చేసినట్టు.

మంగకు సంబరపడే తీరిక లేదు. గంజి ఆరిపోతోందని, పోగులు అతుక్కుపోతాయని అరుస్తూ దొరికినవాళ్లందరి చేతుల్లో కుంచెలు పెడుతోంది. రేవాబేన్ చిన్నకొడుకు చేతిలోనూ ఒకటి పెట్టి, ఎటు దువ్వాలో తిట్టి మరీ చెబుతోంది.

హారతి ఒక్కతే పడమటి చివర నిలబడి, అవసరమైతే మళ్లీ కొలవడానికని తెచ్చిన మిషన్‌ను స్టాండు మీంచి విప్పబోతోంది. నాలుగు నెలలు ఎదురుచూసిన రోజు. జాగా దక్కింది, అమ్మ మొహం వెలిగిపోతోంది. కానీ ఇంటికి వెళ్లాలో అడాజన్ ఆఫీసుకు వెళ్లాలో ఆమెకు తెలియడం లేదు.

తండ్రి వచ్చి పక్కన నిలబడ్డాడు. చేతుల మీది గంజిని పంచెకు తుడుచుకున్నాడు.

"పొద్దుగాల అనరాని మాటన్న బిడ్డా."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను వద్దన్నంక గూడ చదివినవ్. నీ గొంతు వణకలే," అన్నాడు. "మా నాయన గిట్లనే ఉండేటోడు." మిషన్ వైపు చూపించాడు. "గిందులకెల్లి చూస్తె ఏం గనిపిస్తది? జర నాకు గూడ చూపియ్."

హారతి విప్పబోయిన మిషన్‌ను మళ్లీ బిగించింది. పడుగు అవతలి కొసకు తిప్పి, అమ్మ మొహం సరిగ్గా నడిమికి వచ్చేట్టు సరిచేసి, తండ్రి భుజం పట్టుకుని వంచి కన్ను పెట్టించింది. ఒక కన్ను మూయమంది. అరవై గజాల అవతల మంగ చెయ్యెత్తి ఎవరినో కేకలేస్తూ, నడుమనే నవ్వేస్తోంది. ఆ గాజులు కూడా లెక్కపెట్టొచ్చు.

బిక్షపతి కన్ను పెట్టి చూశాడు. కాసేపు చూశాడు.

"ఏం గనిపిస్తలేదు బిడ్డా. అంత మసకమసక ఉన్నది."

"మిషన్ మంచిగనే ఉన్నది బాపూ," అంది హారతి, తన చున్నీ కొసతో ఆయన కన్ను ఒత్తుతూ. "ఇప్పుడు చూడు."

ఆయన మళ్లీ వంగి చూశాడు.